తుపాకి మడమ

“బ్యారెల్ మాత్రం కొత్తదే కావాలె. మిగతావి పాతవైనా నడుస్తయి. మొదటి రైఫిల్ గద, పదిహేను వందల డాలర్లు దాటొద్దు.”

సంతోషం చేతిలోని కాఫీ కప్పు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

మాటలు నేలలోని హీటర్ జాలీలోంచి వస్తున్నాయి. హీటర్ ఆగినప్పుడల్లా బేస్‌మెంట్‌లో ఏం మాట్లాడినా పైన వంటింట్లోకి వినిపిస్తుంది. అక్కడ అద్దెకుంటున్నది తనీష్. నిర్మల్‌లో వడ్రంగి కొడుకు, ఇక్కడ కెనడాలో సార్నియా కాలేజీలో చదువుకుంటున్నాడు. ఫోన్లో ఉన్నట్టున్నాడు.

“దుకాణంల కొంటే ఒక్కరోజుల పని. కని సొంతంగ చేసుకుంటే ఒంటికి కుదురుతది. తొందర పడొద్దు, ఒక్కో భాగం కొందాం.”

హీటర్ మళ్లీ మొదలైంది. మిగతా మాటలు ఆ హోరులో కలిసిపోయాయి.

కాసేపటికి అతని భార్య జ్ఞానవతి ఆరిన బట్టల బుట్టతో బేస్‌మెంట్ మెట్లెక్కి వచ్చింది.

“కింద ఆ కుర్రాడు ఏదో మాట్లాడుతున్నాడు, విన్నావా?” అన్నాడు సంతోషం.

“డ్రయ్యర్ మోతలో ఏం వినపడుద్దండీ?” అంటూ ఆమె స్టూలెక్కి పై అరలోని ఇస్త్రీపెట్టె అందుకుంది.

అతను కాఫీ కప్పు సింకులో పెట్టాడు. ఆమె వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు అన్నం తినిపించే మనిషి. తుపాకి మాట చెవిన పడితే ఇక ఆమెకు నిద్ర ఉండదు.

ఆ ఏడాది ఊళ్లో కాలేజీ పిల్లలు ఎక్కువ, గదులు తక్కువ. ఒకే గదిలో ఐదుగురితో నేలమీద పడుకుంటున్న తనీష్‌ను సంతోషమే ఇంటికి తెచ్చాడు. పరదేశిని చేర్చుకోవాలని ఆదివారం చర్చిలో చదివాడు, సోమవారం గది చూపించాడు. ఇప్పుడు పొమ్మంటే ఈ జనవరి మంచులో, కారు కూడా లేనివాడు ఎక్కడికి పోతాడు? ఉండమంటే, ప్రార్థన జరిగే ఇంట్లోనే తుపాకి తయారవుతుంది.

ఆ వారమంతా అతనికి దేనిమీదా మనసు నిలవలేదు. మోకాళ్ల మీద కూర్చుంటే ప్రార్థనకు మాటలు రాలేదు. ప్లాంటులో పైపు బిగిస్తూ బోల్టు జారవిడిచి, ఫోర్‌మన్ చేత తిట్లు తిన్నాడు.

శనివారం జ్ఞానవతి ఎప్పటిలాగే స్నేహితురాలు ఎలీనా కారులో బయటికి వెళ్లింది. వాకిట్లో మంచు తీయడానికి పార కోసం సంతోషం గరాజ్‌లోకి వెళ్లాడు. మూల అట్టపెట్టెల వెనక ఏదో మూట. జ్ఞానవతి పాత నేత చీర. కుర్రాడు గుడ్డపీలికల్లోంచి తీసుకున్నట్టున్నాడు.

విప్పి చూశాడు. నున్నగా చెక్కిన వాల్‌నట్ కర్ర. తుపాకి మడమ.

భుజానికి ఆనించుకున్నాడు. మోచెయ్యి ఇరుకుగా ముడుచుకుపోయింది. తనకే ఇంత పొట్టిగా ఉంటే, తనీష్ తనకన్నా జానెడు పొడవు. అంత పొడుగు మనిషికి ఇంత పొట్టి తుపాకి ఎందుకు?

కోటు కింద దాచడానికి.

సంతోషం ఆ మూటను వంటింట్లోకి తెచ్చి బల్లమీద పెట్టాడు. తనీష్‌ను పైకి పిలిచాడు.

మూటను చూడగానే కుర్రాడి మొహం పాలిపోయింది. “చూసిన్రా అంకుల్?”

“లైసెన్సుందా దీనికి?”

“ఉన్నది అంకుల్. లేకుంటే ఇక్కడ ఎవరమ్ముతరు?”

“ఎవర్ని కాల్చడానికి?”

“ఎవర్ని గాదంకుల్. క్లబ్బుల కాగితం మీద గుండ్రాలు ఉంటయి, వాటిని. ఎన్‌సీసీ కాలం నుంచి ఉన్న ఆశ.”

“గుండ్రాలు కాల్చేవాడికి ఇంత పొట్టిదెందుకు?”

“అది నేను చెప్పొద్దంకుల్. మాటిచ్చిన.”

సంతోషం మూటను తనవైపు లాక్కున్నాడు. “ఎవరికిచ్చావు బాబూ? ఆ మనిషి ఈ ఇంటికి వస్తాడా?”

తనీష్ తల వంచుకున్నాడు. “వస్తుంటరంకుల్.”

“నేను లేనప్పుడా?”

“మీరున్నప్పుడు గూడ.”

సంతోషం కుర్చీలో కూలబడ్డాడు. కాసేపు గోడమీది బైబిల్ వాక్యం పటాన్నీ, దాని పక్కన ఖాకీ టోపీతో ఉన్న జ్ఞానవతి కాకినాడ కాలేజీ ఫొటోనూ చూస్తూ ఉండిపోయాడు. ఏ మాట చెప్పి పంపితే పాపం కాకుండా ఉంటుందో అతనికి తోచలేదు.

“సామాన్లు సర్దుకో బాబూ. గంట దూరంలోనే, ఇక్కడి లండన్‌లో మా చర్చి సంఘంవాళ్లు ఉన్నారు. నేనే దింపుతాను.”

కుర్రాడు బతిమాలలేదు. అదే సంతోషాన్ని ఎక్కువ బాధపెట్టింది. సూట్‌కేసు, బియ్యం సంచి, చిన్న వినాయకుడి బొమ్మ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు. బయట మంచు ఆగకుండా పడుతోంది. సంతోషం కారు తాళాలు తీసి, మళ్లీ మేకుకు తగిలించి, మళ్లీ తీశాడు.

తలుపు తెరుచుకుంది. జ్ఞానవతి బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చింది.

“సూట్‌కేసేంటి? ఎక్కడికి నాన్నా?”

తనీష్ సూట్‌కేసు పిడి పట్టుకున్నాడు.

“నువ్వు లోపలికెళ్లు జ్ఞానం,” సంతోషం బల్లకు అడ్డంగా నిలబడ్డాడు. “తర్వాత చెప్తాను. చూస్తే భయపడతావు.”

ఆమె అతని భుజం పక్కనుంచి బల్లమీది చీర మూటను చూసింది. గుమ్మం దగ్గరి బియ్యం సంచిని చూసింది.

జ్ఞానవతి చేతిసంచి కుర్చీలో పెట్టి, భర్తను పక్కకు జరిపి, చీర విప్పి, మడమను కుడి భుజానికి ఆనించి, చెక్కమీద చెంప వాల్చి, ఒక కన్ను మూసి, “ఇంకో అరంగుళం కొయ్యాలి తనీషూ, నా వేలు ఇంకా ట్రిగ్గర్ దగ్గరికి అందట్లేదు,” అంది.