అతుకు లేని పెట్టె

చెల్లెలు రంపపు పొట్టు ఊడుస్తుంటే, వడ్రంగి అన్నయ్య వచ్చి బెత్తెడు మందం టేకు దిమ్మను ఆమె ముందు దబ్బున పడేశాడు.

"పలచటి చెక్కలు అతికించుకోవే అంటే వినవు! పెట్టె మొత్తం ఒకే దిమ్మలోంచి కొయ్యాలట మహారాణిగారికి!"

"అతుకు కనిపిస్తే ఎవరు కొంటారు? కాళ్లరిగేలా తిరిగినా ఇంత మందం దొరకలేదు. నీకెక్కడిది?"

"ముందు కొయ్యవే తల్లీ!"

ఆమె కొయ్యబోతూ, మోటారు సన్నరంపం కింద దిమ్మను తిప్పింది. పైనంతా పాత ఉలిగాట్లు.

"అన్నయ్యా! నీ పనిబల్ల కోసేశావా?"

"రెడీమేడ్ తలుపులొచ్చాక దానిమీద పిల్లి పడుకుంటోంది. నీకైనా పనికొస్తుందని..."

"బుర్ర పనిచేస్తోందా నీకు? రేపు పనొస్తే నా నెత్తిమీద పెట్టి చిత్రిక పడతావా?"

అతను దిమ్మమీది గాట్లను వేలితో తడిమాడు.

ఆమె దిమ్మను వెనక్కి తోసి, జిగురు డబ్బా అందించింది.

"నా పెట్టె అతుకులతోనే చేసుకుంటాను. వెళ్లి నీ బల్ల అతికించుకో."

అతను దిమ్మను చంకన పెట్టుకుని, డబ్బా అందుకుని ఇంట్లోంచి వెళ్లిపోయాడు.