అరవై రెండో నంబరు

శైలజ ఆ చెప్పులను మళ్లీ కాలితో ముందుకు నెట్టింది.

గద్వాలలో ఒక ఆఫీసు ముందు వరుస. ఉన్నది ఒక్క గెస్టు టీచరు పోస్టు. అదీ లెక్కలకు, అదీ ఒక్క ఏడాదికి. డిగ్రీలో ఎవరి శాతం ఎక్కువైతే వాళ్లకే. దానికి వచ్చిన జనాన్ని ఒకరి వెనక ఒకరిని పడుకోబెడితే కృష్ణ మీద ఇంకో వంతెన అయ్యేది.

యూరియా కోసం గోదాము ముందు పెట్టినట్టు, ఎవరో పొద్దున్నే తన జాగాలో చెప్పులు పెట్టి పోయారు. ఎడమ చెప్పు మీద సుద్దతో 62 అని రాసి ఉంది. శైలజది అరవై మూడు. వరుస కదిలినప్పుడల్లా వాటిని జరిపే పని ఆమె మీద పడింది.

"మనిషి లేడు గాని చెప్పులు మాత్రం దర్జాగ నిలబడ్డయి," అని విసుక్కుంది.

"జరుపు బిడ్డా. ఎవరు ఏ పని మీద పోయిండ్రో," అంది తల్లి రాధమ్మ, గోడ నీడలో కూర్చుని. పత్తి చేలో విత్తనాల కోసం పూలకు పుప్పొడి అద్దే క్రాసింగ్ కూలి మానుకుని కూతురి వెంట వచ్చింది. "ఈ కొలువు నీకొస్తే ఈయేడు నేను కూలికి బొంబాయి బండెక్కేది తప్పుతది."

అప్పుడే నెరిసిన జుట్టు మనిషి ఒకాయన వరుస పొడుగునా తిరుగుతూ కనబడ్డాడు. చేతిలో నోటుబుక్కు. ఒక్కొక్కరినీ శాతం ఎంతో అడిగి రాసుకుంటున్నాడు.

"సూసినవా అమ్మా, పైరవీలు చేసేటోడు. ఎవల్ని పట్టాల్నో సూస్కుంటుండు."

ఆయన ఫోన్ మోగింది.

"ఆ... లైనంత సూసిన. ఒక్కరే మిగిలిండ్రు. మనదే పైనుంది, పరేషాన్ గాకు," అన్నాడు ఫోన్‌లో.

శైలజ మూతి తిప్పుకుంది. ఎవరికో అప్పుడే మాట ఇచ్చేశాడన్నమాట.

ఆ మిగిలిన ఒక్కరూ శైలజే. ఆయన వచ్చి ఆమె అప్లికేషన్‌లోకి తొంగి చూశాడు.

"డెబ్బై మూడు పాయింట్ నాలుగా? ఎట్ల తీసినవమ్మా ఇది?"

"నీకెందుకన్నా?"

"ఊకెనే. మా కాలంల మార్కులే గాని పాయింట్లు లేకుండె."

"నెట్ సెంటరాయన తీసిండు. గ్రేడు పాయింట్లల నుంచి అర తీసేసి పదితోని గుణించాల్నంట. ఇంజనీరింగోళ్లందరికి గట్లనే చేసిండంట."

"నువ్వు ఇంజనీరింగు చదివినవా?"

"బీఎస్సీ. తర్వాత బీఎడ్."

ఆయన ఆమె డిగ్రీ మెమో అందుకుని వెనక్కి తిప్పాడు. అడుగున చీమల బారు లాంటి అక్షరాలు. చదివాడు. మళ్లీ చదివాడు. నోటుబుక్కు మూసేశాడు. మెమో ఆమె చేతిలో పెట్టి నల్లా దగ్గరికి పోయాడు.

అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. నీళ్లు తాగలేదు. ఎండకు కాలిన పాదాల మీద పోసుకున్నాడు. ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తలేదు.

తిరిగొచ్చాడు.

"బిడ్డా, మీ యూనివర్సిటీ లెక్క వేరే. అర తీసెయ్యొద్దు. నీ ఏడు పాయింట్ ఎనిమిది నాలుగును ఉత్తగ పదితోని గుణించాలె. డెబ్బై ఎనిమిది పాయింట్ నాలుగు. ఇగో, మెమో ఎనకనే అచ్చేసిండ్రు. పాతది కొట్టేసి రాసి, పక్కకు సంతకం పెట్టు. లోపల ఇచ్చినంక దిద్దనియ్యరు."

శైలజ చదివి చూసుకుంది. నిజమే. ఐదు శాతం ఎవరూ దొంగిలించకుండానే పోయేది. అంతలోనే అనుమానం వచ్చింది.

"దీనికి ఎంత తీస్కుంటవ్?"

"ఏందే ఆ మాట!" అని గదిమింది రాధమ్మ.

ఆయన నవ్వాడు.

"మా తాత పడవ నడిపెటోడు. ఒకసారి లెక్క తప్పిండు. ఈ ఒడ్డున పదిమంది ఎక్కిండ్రంటే, ఆ ఒడ్డున పదకొండు మంది దిగిండ్రు. ఆ పదకొండోటాయన ఎవరో ఇయ్యాల్టికి తెల్వదు. మా ఇంటికొచ్చి తిని పండుకుని పోతుండు. అప్పటిసంది తప్పు లెక్క కండ్ల పడితే మాకు అన్నం దిగదు."

శైలజకు నవ్వొచ్చింది గాని ఆపుకుంది. ఇట్లాంటి వాళ్లు మాటలతోనే పడేస్తారని విన్నది.

"కొలువొస్తే పిల్లలకు తీసివేతలు జర నిదానంగ నేర్పు. పెద్దోళ్లే తప్పుతుండ్రు," అన్నాడాయన.

ఆమె ఫైలును గోడకు ఆనించి, పాత అంకె కొట్టేసి కొత్తది రాసింది. సంతకం పెట్టి తలెత్తేసరికి ఆయన గేటు దాటుతున్నాడు. వెనక్కి చూడలేదు.

"ఏమీ అడగకుండనే పాయె," అంది రాధమ్మ.

"ఈడ బేరం కుదరలే. ఇంకోతాన సూస్కుంటడు."

ఆఫీసు తలుపు తెరుచుకుంది. అటెండరు భీమయ్య కాగితం చూస్తూ కేకేశాడు.

"అరవై రెండు! స్టీఫెన్ సార్!"

ఎవరూ పలకలేదు.

"స్టీఫెన్ సార్!"

భీమయ్య వరుసంతా చూశాడు.

"ఏంది, సారు పొద్దుగాల్నే వచ్చిండు గదా? పన్నెండేండ్ల సంది ఆ బళ్లె లెక్కలు చెప్తుండు. ఏటేటా డెబ్బై ఆరు పాయింట్ ఒకటి అని రాసిస్తడు, ఏటేటా ఆయనకే వస్తది. ఆయనను దాటినోళ్లు ఇంతవరకు రాలే. నెరిసిన జుట్టు, చేతిల నోటుబుక్కు... ఎవరన్న సూసిండ్రా?"

శైలజ చేతిలో కాగితం మీద 78.4 సిరా ఇంకా ఆరలేదు.

"సరే తియ్యి. అరవై మూడు, రా."

పొద్దుటి నుంచి అయిన అలవాటు కొద్దీ ఆమె కాలు ముందుకు చాచింది. జరపడానికి అక్కడ చెప్పులు లేవు.