తాతగారి కొండ

"ఇంకొంచెం పైకి చూడండి," అన్నాడు సర్వేయరు డ్వైట్.

ఎల్బర్ట్ టోపీ ఊడిపోకుండా పట్టుకుని తల వెనక్కి వంచాడు.

"గద్ద తప్ప ఏమీ లేదు గదయ్యా."

"అదిగో, ఆ గద్ద తిరుగుతున్న చోటే మీ స్థలం."

సంగతి ఏమిటంటే, కాలిఫోర్నియా ఎగువ ప్రాంతంలో ఎల్బర్ట్ తాత ఒక కొండ కొన్నాడు. కొన్నవాడు దానిమీద ఇల్లు కట్టుకోక, బంగారం కోసం ఫిరంగిలాంటి ఇనప గొట్టంతో నీళ్ళు చిమ్మి కొండ మొత్తాన్ని కడిగేశాడు. మనవడికి మిగిలింది ఒక గొయ్యి, దానిమీద బోలెడు గాలి. ఎల్బర్టేమో బావమరిది ఇంట్లో తల దాచుకుంటూ, చలికాలంలోగా కొండమీద సొంత ఇల్లు కడతానని భార్య ఓపల్‌కు మాటిచ్చాడు. కట్టకపోతే తాను తమ్ముడి దగ్గరే ఉండిపోతానని, అతన్ని మాత్రం దయచేయమని ఆవిడ తేల్చేసింది.

ఇద్దరూ గోతిలో కలియదిరిగారు. తుప్పు పట్టిన గొట్టం ఇంకా నోరు తెరుచుకునే ఉంది. గట్టుమీది పాత కాలువలో మంచు కరిగిన నీళ్ళు పారుతూనే ఉన్నాయి. అవి గొట్టంలోకి దూకకుండా ఒక్క చెక్క తలుపే అడ్డం. ఎల్బర్ట్ గొట్టాన్ని ఒక్క తన్ను తన్ని, ఆ కాలే పట్టుకుని గెంతుతూ తాతను తిట్టాడు. కాస్త మెరుపు కనబడితే పడుకున్న మంచాన్నయినా కడిగేసే రకం అన్నాడు.

"ఇంతకీ నా కొండ ఎటు పోయిందంటావ్?"

డ్వైట్ వాగు వెంబడి కిందికి చూపించాడు. "మార్వా గారి పీచ్ తోటలోకి."

మార్వా వసారాలో కూర్చుని ఇనప ఆకురాయితో కొమ్మలు కత్తిరించే కత్తెర పదును పెడుతోంది. వేలికి లావుపాటి బంగారు ఉంగరం. అది పెట్టిన మూడో మొగుడు ఏనాడో పారిపోయాడు గానీ, బంగారం ఏం తప్పు చేసిందని ఆవిడ తియ్యలేదు.

"మీ చెట్లకింద ఉన్నది నా కొండండీ," అన్నాడు ఎల్బర్ట్ వినయంగా.

"మీ తాత పంపించాడు, మేం ఉంచుకున్నాం. ఆ బురదలో మా నాయనమ్మ ఇల్లు కిటికీలదాకా మునిగింది."

"అందుకే తీసుకెళ్ళిపోతానంటున్నా."

కాదంటే కోర్టుకు వెళతానన్నాడు. రెండుచోట్లా మట్టి ఒకటేనని డ్వైట్ ఒప్పుకోక తప్పలేదు. మార్వా ఉంగరం తిప్పుకుంటూ కాసేపు ఆలోచించి, సరే మోసుకుపొమ్మంది.

ఎండాకాలమంతా ఎల్బర్ట్ లారీతో మట్టి తోలాడు. పైన ఏనుగంత కొండ లేచింది. కింద పీచ్ చెట్లు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నట్టు వేళ్ళు బయటపెట్టుకుని నిలబడ్డాయి.

ఒకరోజు మార్వా కొండను చూడటానికి వచ్చింది. గొట్టం దగ్గర ఆగింది.

"ఇది ఇంకా పనిచేస్తుందా?"

"తలుపెత్తితే చాలు. కానీ మా తాతలాంటి వెధవ మళ్ళీ ఎవడు పుడతాడమ్మా?"

"నిజమే. నీకు నడుం పట్టేసినట్టుంది. ఆఖరి బండి నేను నింపించి ఉంచుతాలే."

ఆ ఆఖరి బండి మట్టిని ఎల్బర్ట్ కొండ నెత్తిన పోశాడు. ఎండ పడగానే అందులో ఏదో తళుక్కుమంది. వేలితో అద్ది చూశాడు. పసుప్పచ్చని రజను. అటూ ఇటూ చూశాడు, గద్ద తప్ప ఎవరూ లేరు.

తెల్లారేసరికి తలుపెత్తేశాడు.

వారం తిరక్కుండా కొండ మళ్ళీ గొయ్యి అయింది. దొరికిన బంగారం గోటిమీద నిలిచింది. ఇల్లెంతవరకు వచ్చిందో చూద్దామని పెట్టెతో వచ్చిన ఓపల్, గోతిలోకి ఒకసారి తొంగిచూసి, అదే పెట్టెతో వెనక్కి వెళ్ళిపోయింది.

ఎల్బర్ట్ మళ్ళీ తోటకు వెళ్ళాడు. చెట్ల మొదళ్ళలో మట్టి పరుపు పరిచినట్టు సర్దుకుని ఉంది.

"అమ్మా, నా కొండ మళ్ళీ మీ తోటలోకి వచ్చేసింది."

"చూశాను. ఈసారి రాళ్ళూ రప్పలూ లేకుండా మెత్తగా పంపించావు. కూర్చో, పీచ్ పళ్ళ మిఠాయి చేశాను."

మార్వా పళ్ళెం అందించింది.

ఆవిడ వేలికి ఉంగరం లేదు.