చెయ్యి ఎంతదాక లేస్తది?

"దిగినవంటే కాళ్ళిరగ్గొడ్త!"

మట్టిగుట్ట కొన మీద స్నోబోర్డుకు కాళ్ళు బిగించుకుంటున్న కొడుకు ముందు అడ్డంగా నిలబడ్డాడు అంతయ్య. గుట్ట ఎక్కిన ఆయాసం కన్నా భయమే ఆయన్ని ఎక్కువ రొప్పిస్తోంది.

"ఒక్కసారే బాపూ," అన్నాడు రంజిత్ తలెత్తకుండా.

ఎన్‌సీసీ వాళ్ళు కశ్మీరు తీసుకుపోయినప్పుడు వాడికి అంటుకున్న పిచ్చి ఇది. అక్కడ మంచు మీద నేర్చుకున్నాడు, అక్కడే భుజం ఊడగొట్టుకున్నాడు. మందమర్రిలో మంచెక్కడిది? బొగ్గు కోసం తవ్విపోసిన ఈ ఇసుకమట్టి గుట్టే వాడి మంచుకొండ. బోర్డు అడుగున కొవ్వొత్తి మైనం రుద్ది మరీ తెచ్చాడు.

"గా భుజం ఎన్నిసార్లు ఊడిందిరా? పోయినసారి ఆటోల నా ఒళ్ళె పండి ఎట్ల ఒర్లినవో యాదికున్నదా?"

"ఉన్నది. గందుకే యాడాది సంది కసరత్తు చేసిన. ఇగ ఫికర్ లేదు, ఆడుకోమన్నడు డాక్టర్."

"రేపు నా మెడికల్ బోర్డు. నన్ను అన్‌ఫిట్ అంటరు, నా నౌకరీ నీకొస్తది. ఇయ్యాల్ల భుజం ఊడగొట్టుకుంటే నిన్నెవడు తీసుకుంటడు?"

"గందుకే ఇయ్యాల్ల వచ్చిన. రేపటి సంది నేను బొగ్గుబాయిల పనోన్ని. ఇదే ఆఖరు."

అంతయ్య గొంతు తగ్గింది. "వచ్చే నెల కశ్మీర్ల పోటీలంటివి గదరా?"

"పోతలేను."

"ఎందుకు?"

"నేను నౌకరీ పట్టకుంటే నువ్వు మళ్ళ బాయిలకు దిగాలె. గా చెయ్యితోని దిగుతవా? సస్తవ్ బాపూ. జర జరుగు."

నిజమే. గని లోపల పైకప్పు పెళ్ళ విరిగి మీద పడిన నాటి నుంచి అంతయ్య కుడిచెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. చొక్కా తొడగాలన్నా, తల దువ్వాలన్నా భార్య చంద్రవ్వ రావాల్సిందే. బాపుదీ కొడుకుదీ ఒకటే రోగమని కాలనీలో అందరూ పరాచికాలాడతారు. కొడుకుది బాగైంది. తండ్రిది కాలేదు, అంతే తేడా.

వాడు మొండికేసి ఉంటే అంతయ్య జరిగేవాడు కాదు. వాడి గొంతులో మొండితనం లేదు. అన్నీ వదిలేసుకున్న మనిషి గొంతు అది. అది వినలేక పక్కకు జరిగాడు.

రంజిత్ దిగాడు. మొదట మెల్లగా, ఆ వెంటనే బాణంలా. బోర్డు ఒక అంచు మీద ఒరిగింది. దానితో పాటే వాడూ ఒరిగాడు, ఇంకాస్తయితే నేలకు తగిలేంతగా. తగిలింది కూడా! కుడిచెయ్యి మట్టిలో ఆనింది.

"అయిపాయె!" అని కళ్ళు మూసుకున్నాడు అంతయ్య.

కేక వినిపించలేదు. భయపడుతూనే కళ్ళు తెరిచాడు. ఆ చేత్తోనే నేలను నెట్టేసి వాడు లేచాడు, రెండో అంచు మీదికి ఒరిగాడు, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. వెనకాల మట్టి మీద పాము పోయిన జాడలా సన్నగా ఒకటే గీత. ఎక్కడా జారలేదు, ఎక్కడా చెదరలేదు. ఓరి వీడి దుంపతెగ, ఇంత అందంగా ఉంటుందా ఈ ఆట!

కింద ఆగి, రంజిత్ కుడిచెయ్యి నిటారుగా పైకి లేపాడు.

"బాపూ! నిలవడ్డది! భుజం నిలవడ్డది!"

వాడు నవ్వుతున్నాడు. వాడి ముఖం అలా చూసి ఎన్నాళ్ళయిందో. అంతయ్య కూడా నవ్వాడు.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. రంజిత్ అక్కడే చతికిలబడి, బోర్డు విప్పి, తన చొక్కాతోనే దాని దుమ్మంతా తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. ఇంటికి రాగానే తల్లి పాతచీరలో చుట్టి అటక మీదికి తోసేశాడు. "ఏందిరా గది?" అని చంద్రవ్వ అడిగితే, "ఏం లేదవ్వా," అన్నాడు. అంతయ్యకు ఆ పూట ముద్ద దిగలేదు.

తెల్లారి ఆస్పత్రి వరండాలో, కిందటిసారే అన్‌ఫిట్ అయి కొడుక్కి నౌకరీ ఇప్పించుకున్న సిద్దిరాములు, తోడుగా వచ్చినవాడు, చెవిలో గొణిగాడు. "అంతన్నా, డాక్టర్ చెయ్యి లేపుమంటే లేపకు. అవ్వో అని ఒర్లు."

"లేపకుండుడేందే, లేవనే లేవదు," అన్నాడు అంతయ్య.

"ఇంకేంది మరి, నీ పని అయిపోయినట్టే. ఫిట్ అన్నరంటేనే పరేషాన్, మళ్ళ బాయిలకు తోలుతరు."

చంద్రవ్వ పొద్దున్నే స్నానం చేయించి ఇస్త్రీ చొక్కా తొడిగి పంపింది. వరండా బల్ల మీద రంజిత్ నున్నగా కటింగ్ చేయించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు. "పోయొస్త బిడ్డా," అంటే తలూపాడు, అంతే. ఇరవై ఏళ్ళ పిలగాడు అప్పుడే రిటైరైన మనిషిలా ఉన్నాడు.

లోపల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో ఆయన అంతయ్య భుజం నొక్కి చూశాడు. నొక్కిన చోటల్లా అంతయ్య ఒళ్ళు జివ్వుమంది.

"చాలా నొప్పుందా?"

అంతయ్య కొడుకు కూర్చున్న వరండా దిక్కు చూశాడు.

"సరే, బలవంతం చెయ్యకు. ఎంతదాక లేస్తే అంతదాకే లేపు," అన్నాడు డాక్టరు, జాలిగానే.

అంతయ్య పళ్ళు బిగబట్టాడు. లోపల ఏదో పటుక్కుమంటున్నా ఆపకుండా కుడిచెయ్యి నిటారుగా నెత్తి మీదికి లేపి, "నాకేమైంది సారూ, మంచిగనే ఉన్న, రేపటి సంది బాయిలకు దిగుత," అని నవ్వాడు.