రోగి వేషం

తలుపు తోసుకుని వచ్చిన ముసలాయన కుర్చీలో కూలబడి, చేతిసంచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మందులిచ్చేది ఇక్కడేనా తల్లీ?"

బల్లకు ఇవతల నిలబడ్డ ఫార్మసీ విద్యార్థిని మనసులోనే మెచ్చుకుంది. ఈసారి మంచి నటుణ్నే పంపారు.

ఆమెను తోటివాళ్లు చిలక అంటారు. ఏ పాఠమైనా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది మరి. ఆస్పత్రి కింది అంతస్తులో, అసలు మందుల కౌంటర్ పక్కనే ఉన్న ఈ శిక్షణ గది మాత్రం ఆమెకు అచ్చిరాలేదు. ఇక్కడా కౌంటర్ ఉంటుంది, అరల నిండా అసలు మందులే ఉంటాయి, ఎదురుగా రోగి ఉంటాడు. ఆ రోగి మాత్రం అద్దెకు తెచ్చిన నటుడు. ప్రతిసారీ కొత్త ముఖం. ఎంత బతిమాలినా వేషం వదలకూడదని అతనికి షరతు. పాఠాలు చెప్పే మేడం, అటునుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక కూర్చుని మార్కులు వేస్తుంది. ఈ గండం గట్టెక్కితేనే వార్డుల్లో శిక్షణ.

పోయినసారి నటుడు ఛాతీ పట్టుకుని ఒరిగిపోతే, చిలక నిజమనుకుని కేకలు పెడుతూ పరుగెత్తింది. డాక్టరూ వచ్చాడు, స్ట్రెచరూ వచ్చింది. నటుడు లేచి బట్టలు దులుపుకున్నాడు. బ్యాచంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మేడం మాత్రం నవ్వలేదు, కంగారుపడి రోగిని వదిలి పరుగెత్తినందుకు ఫెయిల్ చేసింది.

మళ్లీ తప్పితే ఏడాది పోతుంది. ఈసారి ఆకాశం ఊడిపడ్డా కదిలేది లేదని చిలక ఒట్టు పెట్టుకుంది.

"ఇక్కడే తాతగారూ. చీటీ ఇవ్వండి."

కీళ్ల నొప్పుల మాత్రలు. ఆమెకిచ్చిన కేసూ అదే.

"ఇంతకు ముందు వాడారా?"

"వాడుతూనే ఉన్నానమ్మా. అయిపోయాయని వచ్చా. మోకాళ్లు మాట వినట్లేదు."

"తిన్నాకే వేసుకోవాలి. గ్లాసు నిండా నీళ్లు తాగాలి. వేసుకున్న వెంటనే పడుకోకూడదు."

"తిండెక్కడ సహిస్తోంది తల్లీ? కడుపులో ఒకటే మంట. చెప్పాలంటే సిగ్గుగా ఉంది గానీ... రెండ్రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోంది."

ఇది కేసు కాగితంలో లేదు. మళ్లీ ఉచ్చు వేస్తున్నారు!

చిలక ముసలాయన్ని పరీక్షగా చూసింది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పౌడరు కాస్త ఎక్కువే పూశారు. నుదుటి మీద చెమట ఎలా తెప్పించాడో అర్థం కాలేదు.

"కారం తగ్గించండి తాతగారూ."

"నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. డాక్టరుకి చూపించుకోమంటావా?"

చిలక చెయ్యి ఫోను వైపు వెళ్లబోయింది. పోయినసారి నవ్వులు చెవుల్లో గింగురుమన్నాయి. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"ముందు ఈ మాత్రలు వాడండి. తగ్గకపోతే అప్పుడు చూద్దాం."

"సరేనమ్మా. చదువుకున్న పిల్లవి, నీకు తెలియనిదేముంది!"

ఆయన బల్ల పట్టుకుని లేచాడు. నటులైతే మాత్రలు బల్ల మీదే వదిలి వెళ్తారు. ఈయన సంచిలో వేసుకుని, గోడ పట్టుకుని నడుస్తూ వెళ్లిపోయాడు. గుమ్మం దాటేదాకా వేషం వదలడన్నమాట!

మేడం అద్దం వెనక నుంచి వచ్చింది.

"కంగారు పడలేదు, సంతోషం. కాగితంలో లేనిది ఆ నటుడు సొంతంగా కలిపాడనుకో, కానీ విరేచనం నల్లగా అవుతోందని రోగి అంటే ఏం చెయ్యాలి?"

చిలక గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

"కడుపులో రక్తం కారుతోందని అనుమానించాలి మేడం. ఆ మాత్రలు ఆపించి, క్షణం ఆలస్యం చెయ్యకుండా ఎమర్జెన్సీకి పంపాలి."

"ఇంత తెలిసీ అవే మాత్రలు చేతికిచ్చావా?"

"నటుడే కదా అని..."

"వార్డులో ఇలాగే చేస్తే ఆ మనిషి తెల్లారేసరికి ఉండడు."

"ఇవాళ నటుడు కాబట్టి బతికిపోయాను మేడం."

మేడంకి కూడా నవ్వొచ్చింది.

"సరే పో, జవాబు తెలుసు కాబట్టి పాస్ చేస్తున్నా. రేపట్నుంచి వార్డుకి వెళ్లు."

చిలక కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మకు చెప్పాలని ఫోను తీసింది.

అంతలో తలుపు మళ్లీ తెరుచుకుంది. ఎవరో మనిషి రొప్పుతూ లోపలికి వచ్చాడు.

"ఏమీ అనుకోకండి మేడం, బస్సు దొరక్క ఆలస్యమైంది," అన్నాడతను, తల మీద తెల్ల జుట్టు విగ్గు సర్దుకుంటూ. "కీళ్ల నొప్పుల ముసలాయన వేషం నాదే."