కింది అర

యశోద నాలుగో బ్యాగు కూడా పక్కకు నెట్టింది.

"ల్యాప్‌టాప్‌కు మెత్త ఉండాది, ఛార్జరుకు అర ఉండాది, వానకు కవరుండాది. ఇంకేం కావాలమ్మా?" బ్యాగుల షాపు భాయ్ విసుగు దాచుకుంటూ అడిగాడు.

"కింద వేరే అర ఉండాల భాయ్. బూట్లు పట్టేది."

"అవి జిమ్ముకు పోయే మగపిల్లోళ్లు కొంటారమ్మా."

"అదే చూపియ్యి."

వీరేష్ భార్య కాళ్ల వైపు చూశాడు. ఎప్పటి చెప్పులే. కర్నూలు ఎండకైనా వానకైనా ఆమె తొడిగేది అవే.

"నీకు బూట్లు యాడివి?"

"పనికొస్తాదిలే వీరేష్."

భాయ్ తెచ్చిన బ్యాగు అడుగు అరలో ఆమె జాన పెట్టి చూసింది. దాని పక్కన ఇంకో నాలుగు వేళ్లు ఆనించింది. "ఇది చాలు" అంది.

వీరేష్‌వి చిన్న పాదాలు. ఆ కొలత అతనిది కాదు.

అనుమానం ఆ షాపులో పుట్టింది కాదు. యశోద డ్రిప్పు పైపుల కంపెనీలో పని చేస్తుంది. ఈమధ్యే ప్రమోషన్ ఇచ్చి కడప వైపు కూడా చూడమన్నారు. పగలంతా కమలాపురం, రాజంపేట డీలర్ల దగ్గర తిరగాలి, రాత్రికి కడపలో లాడ్జిలో ఉండాలి. వీరేష్ అతి కష్టం మీద ఒప్పుకున్నాడు. "కొంచెం తేడా వచ్చిందని తెలిసినా ఆ దినమే మానెయ్యాల" అని ముందే చెప్పాడు.

మొదటి టూరులో ఒక రాత్రి ఆమె అతనితో ఫోన్లో మాట్లాడుతుండగా అవతల తలుపు చప్పుడైంది.

"ఏమండీ, ఎవరో తలుపు కొడతాండారు, చూడండి" అని యశోద గదిలో ఎవరితోనో గట్టిగా అంది. ఫోన్ కట్టయింది.

పెళ్లయినప్పటి నుంచి ఆమె అతన్ని ఏమండీ అన్నది లేదు.

ఇంటికొచ్చాక అడిగితే, "టీవీలో మాటేమోలే" అంది. ఆ వారమే కొత్త బ్యాగు కావాలంది.

ఆ బ్యాగుతో మరో మూడు టూర్లు తిరిగొచ్చింది. వచ్చిన ప్రతిసారీ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. మళ్లీ బయలుదేరే రోజు పొద్దున, ఆమె స్నానానికి పోగానే వీరేష్ కింది అర జిప్పు లాగాడు.

మగవాళ్ల నల్ల బూట్లు. పది నంబరు. అడుగున రేటు చీటీ కూడా ఊడలేదు.

కొత్తవి. ఎవడికో కొనింది.

ఏమీ తెలియనట్టు జిప్పు మూశాడు. స్కూటరు మీద తీసుకుపోయి ఆమెను బస్సెక్కించాడు. మధ్యాహ్నం బస్సుకు తనూ బయలుదేరాడు. నంద్యాల దాటేసరికి అన్నీ తేల్చుకున్నాడు. కళ్లారా చూడాలి. అట్నుంచటే ఆదోనిలో వాళ్లమ్మ ఇంటికి తోలేయాలి. ఇంక ఉద్యోగమూ వద్దు, కాపురమూ వద్దు.

చీకటి పడేసరికి కడపలో ఆమె ఎప్పుడూ దిగే లాడ్జికి పోయి ఆమె పేరు చెప్పి అడిగాడు. కౌంటరులో ముసలాయన కళ్లజోడు పైకి నెట్టాడు.

"యశోదమ్మకు నువ్వేమైతావప్పా?"

"మొగుణ్ణి."

ముసలాయన నవ్వాడు. "భలే చెప్తివే! వాళ్ల సారు రూములోనే ఉండాడు గదా?"

వీరేష్ కౌంటరు దాటి ఉరికాడు. మెట్లు ఎగబాకి పోయాడు. ఏ రూమని అడిగే పని లేకపోయింది. వరండా చివర తలుపు ముందర ఆ నల్ల బూట్లు ఉన్నాయి. తొందరగా విప్పేసినట్టు ఒకటి పక్కకు ఒరిగి ఉంది. దాని అడుగున రేటు చీటీ అట్లే ఉంది.

దబదబా తలుపు బాదాడు.

లోపల కుర్చీ ఈడ్చిన చప్పుడు.

"ఎవరు?"

"నేనే. తియ్యి!"

యశోద తలుపు తీసింది. చేతిలో ఫ్లాస్కు తలమీదికెత్తి పట్టుకుని ఉంది.

ఆమెను తోసుకుని లోపలికి పోయాడు. మంచం కిందికి వంగి చూశాడు. బాత్‌రూము తలుపు తెరిచాడు. పరుపు మీద ల్యాప్‌టాప్, పక్కన సగం తిన్న ఉగ్గాని పొట్లం.

"యాడ దాచినావు వాణ్ణి?"

యశోద ఫ్లాస్కు కింద పెట్టింది. గడప దాటి బయటికి పోయి, ఒరిగిన బూటును నిలబెట్టి, రెంటినీ జతగా సర్దుతూ తలెత్తకుండా అంది:

"ఈ బూట్లు బయట పెట్టబట్టినాక నా తలుపు కొట్టిన మొదటి మగోడివి నువ్వే."