తెల్లమచ్చ

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు చూసే మానిటర్ వెలుగును సాఫ్ట్‌వేర్‌తో సరిచేసి, కొలతలు నమోదు చేయడం అతని పని. కిందటేడు ఒకసారి బద్ధకించి, తెర సరిచేయకుండానే పాత కొలతలే ఎక్కించేసి చేతులు దులుపుకున్నాడు. ఆ మసక తెర మీద పిన్ని ఊపిరితిత్తిలోని మచ్చ డాక్టరు కంటపడలేదు.

"ఏమీ లేదన్నార్రా. నువ్వున్నావనేగా నా ధైర్యం," అని మురిసిపోయిన మనిషి ఏడాది తిరక్కుండానే పోయింది.

ఈ రాత్రి ఒక్కడే కూర్చుని, మానిటర్‌కు వెలుగు కొలిచే సెన్సర్ తగిలించి, తెర ఆపేశాడు. చీకట్లో కొలత సున్నాకు దిగాలి. దిగలేదు. మానిటర్ ప్లగ్గు పీకేసినా ల్యాప్‌టాప్‌లో అంకె పెరుగుతూనే ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని నమోదు చేస్తూనే ఉంది. నల్లటి తెరలో గోరంత తెల్లమచ్చ తేలింది.

వెనక చీకట్లో పిన్ని దగ్గినట్టయింది.

"కళ్లు చికిలించకురా నాన్నా. ఇప్పుడు బాగానే కనబడుతోందిగా."